పైడమ్మ మెరుగు పెట్టని దీపం

అనగా అనగా అనగా, ఏటికి ఇంకా పేరు పెట్టని రోజుల్లో, కొండ మొదట్లో ఒక కంచరోళ్ళ పేట ఉండేది. ఆ పేటలో పైడమ్మ అనే కోడలుండేది. మాట తక్కువ మనిషి. ఎవరేమన్నా తల వంచుకుని ఇత్తడి తోముకునేది.

అక్కడ మగవాళ్ళు ఇత్తడి కరిగించి పోత పోసేవాళ్ళు. ఆడవాళ్ళు మెరుగు పెట్టేవాళ్ళు. ముందు ఇసక, తర్వాత చింతపండు, ఆ పైన ఊక బూడిద. మెరుగు పెట్టని ముక్క గడప దాటకూడదనేది వాళ్ళ కట్టుబాటు. పైడమ్మకి ఆ పని నేర్పింది ఆమె ఆడబిడ్డ రావులమ్మ. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. నోరు పెద్దది. "ఒలే పైడీ, నువ్వు తోమిన సెంబులో నా మొకం అవుపడకపోతే ఆ సెంబు నీ నెత్తినే బోర్లిస్తాను" అనేది. అలా తిడుతూనే, చెయ్యి పట్టుకుని నేర్పింది.

ఆ రావులమ్మకి కళ్ళలో పొరలొచ్చాయి. రెండు కళ్ళలోనూ.

కంటి పొర తీసే వైద్యుడు ఆ చుట్టుపక్కల తవిటయ్య ఒక్కడే. సన్నటి సూదితో పొరని పక్కకి నెట్టేవాడు. మనిషిని వాకిట్లో ఎండకి కూర్చోబెట్టి చేసేవాడు. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. కొండ మీది మబ్బు పేట మీదకి దిగి కదల్లేదు. రావులమ్మ ఆగనంది. సరేనని తవిటయ్య ఇంట్లోనే, ఒక మనిషి చేత దివిటీ పట్టించి, సూది తీశాడు. పట్టినవాడి చెయ్యి వణికింది. నీడ సూది మీద పడింది. సూది పెట్టిన కన్ను పోయింది.

తవిటయ్య ఆ పూట అరుగు మీద కూర్చుండిపోయాడు. గంజి ఇస్తే ముట్టలేదు. రెండో కన్ను ఎండ వచ్చాకే చేస్తానన్నాడు. ఎండ రాలేదు. పొర ముదిరిపోతోంది. బాగా ముదిరితే సూదికి లొంగదని అతనే చెప్పాడు. ఉన్న ఒక్క కన్నూ పోతే రావులమ్మకి ఇక బతుకంతా తడుముకోవడమే.

పైడమ్మ అంతా విన్నది. మైనంతో దీపం అచ్చు చేసి మొగుడి చేత పోత పోయించింది.

మొదటి దీపం పళ్ళెమంత. చుట్టూ వత్తులే వత్తులు. తవిటయ్య దాన్ని పక్కన పెట్టుకుని, కసాయి ఇంటి నుంచి తెప్పించిన మేకతల కంటి మీద సూది పెట్టి చూశాడు. తన తల నీడే తనకి అడ్డొచ్చింది. వేడికి చెమట ముక్కు మీదుగా కారింది.

"వెలుగుంది పైడమ్మా. చూపు లేదు" అన్నాడు.

పైడమ్మ ఇంటికొచ్చింది. పెరట్లో రావులమ్మ అడ్డపొగ పీలుస్తోంది. అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వైపు ఆడవాళ్ళకి అలవాటే. కళ్ళు కనపడకపోయినా ఆమె చేతులు ఊరుకోవు, చింతపండులో పిక్కలు తీస్తున్నాయి. పైడమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది. నిప్పేమో నోట్లో ఉంది. చేతులు రెండూ పనిలో ఉన్నాయి.

రెండో దీపం నిమ్మకాయంత. దానికి చుట్టంత కాడ. కాడని పళ్ళతో కరిచి పట్టుకోవాలి. నూనె గిన్నె ఉయ్యాలలా వేలాడుతుంది, తల ఎటు వంచినా ఒలకదు. వెలుగు ముందుకే పడేలా, ఊపిరికి ఆరిపోకుండా, మంట వెనక ఆకుదొప్పలాంటి రేకు. పైడమ్మ దానికి లోపలా వెలుపలా మెరుగు పెట్టింది. ఎప్పుడూ పెట్టనంత మెరుగు.

తవిటయ్య కాడ కరిచి మేకతల మీదకి వంగాడు. వెంటనే దీపం తీసేసి నవ్వాడు. రేకు వెనక పక్క అద్దమైపోయింది. వాకిలి వెలుతురు దాని మీద పడి తిరిగి అతని కళ్ళలోనే కొట్టింది. మేక కన్ను చూద్దామంటే తన మీసమే కనపడుతోందన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"వెలుగుంది పైడమ్మా. చూపు లేదు."

ఏం చెయ్యాలో పైడమ్మకి తెలిసింది. చెయ్యడానికే చెయ్యి రాలేదు. మూడో దీపం పోత నుంచి నల్లగా, గరుగ్గా వచ్చింది. లోపలి పక్క మెరుగు పెట్టింది. తోమే చెయ్యి మూడుసార్లు వెనక పక్కకి పోయింది. మూడుసార్లూ ఆపుకుంది.

తవిటయ్య వచ్చాడు. రావులమ్మని పడుకోబెట్టి, తల పైడమ్మ ఒళ్ళో పెట్టారు. నా కంట్లోకి వచ్చే దీపం ఏదీ అని రావులమ్మ చెయ్యి చాపింది. తడిమింది. వేళ్ళు రేకు వెనక పక్క ఆగిపోయాయి.

"ఇదేటే, ఈపంతా గరుగ్గా ఉంది. మెరుగెట్టలేదేటి?"

"నేదు వదినా."

"మెరుగెట్టని ముక్క నా ఇంట్లో నాకే అంటిస్తావా? పేటంతా నవ్వదేటి? పోయి తోముకురా."

ఇంకో రోజైతే పైడమ్మ లేచి వెళ్ళేదే. తవిటయ్య సూది పట్టుకుని నిలబడే ఉన్నాడు. పైడమ్మ లేవలేదు.

"వదినా, ఇది సంతకెల్లే సరుకు కాదు. నువ్వు సూడ్డానికి సేసినాను. సూసినాక తిడుదువుగాని. పడుకో."

రావులమ్మ తల మళ్ళీ ఒళ్ళో వాల్చింది. కోడలి నోట అంత పొడుగు మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

తవిటయ్య కాడ కరిచాడు. అతను ఎటు చూస్తే అటే వెలుగు పడింది. ఒక చేత్తో రెప్ప ఎత్తాడు. ఒక చేత్తో సూది పట్టాడు. చూపుందో లేదో చెబుదామంటే నోట్లో దీపముంది. ఇంట్లో అందరూ అతని భుజాలకేసే చూశారు.

పొర కదిలింది. పక్కకి తప్పుకుంది.

తవిటయ్య దీపం తీసి పక్కన పెట్టాడు. రావులమ్మ కన్ను చికిలించి దానికేసే చూసింది.

"ఒలే పైడీ, ఎంత నల్లగా ఉందే ఇది" అంది.

పైడమ్మ ఒళ్ళో ఆ తల అలాగే పెట్టుకుని ఏడ్చింది. తవిటయ్య కంటికి కట్టు కట్టి, వెళ్ళి అరుగు మీద కూర్చుని గంజి అడిగాడు.

ఆ తర్వాత ఎక్కడెక్కడి కళ్ళ వైద్యులో వచ్చి ఆ దీపాలు చేయించుకున్నారు. రొంటిన దోపుకుని ఊరూరా తిరిగారు. వానాకాలమని ఎవరి కన్నూ ఆగలేదు. పైడమ్మ మాత్రం ఎప్పటిలాగే తల వంచుకుని తోముకుంటూ ముసలిదై, ఒకనాడు పోయింది.

ఇప్పటికీ ఆ పేటలో ఏ దీపం చేసినా వెనకపక్క బొటనవేలంత చోటు తోమరు. కొనేవాళ్ళు మరకుందంటే, అది పైడమ్మ చోటంటారు. ఎవరైనా కంటి ఆపరేషనుకి బయల్దేరితే ముసలమ్మలు ఆ చోటు వేలితో తాకి, ఆ వేలు వాళ్ళ రెప్పల మీద ఆనిస్తారు. దండాలూ దీవెనలూ ఏమీ ఉండవు. ఒకటే మాట.

"ఎల్లిరా. సూసినాక తిడుదువుగాని."