గూబకి చదువు, బల్లికి సాక్ష్యం

రేవుపురాన్నేలే పేర్నీడు రాజుకి పని లేనప్పుడల్లా ప్రశ్నలు పుట్టేవి. వాటికి జవాబులు వెతకలేక కొలువులో వాళ్ళకి జుట్టు ఊడేది.

ఆ రోజు పనుండి కూడా ప్రశ్న పుట్టింది. పని చిన్నదేం కాదు, రాజకుమారుడి అక్షరాభ్యాసం. పళ్ళెంలో బియ్యం పోశారు. పలక తెచ్చారు. అక్షరం దిద్దించినందుకు ఇవ్వాల్సిన పట్టుశాలువా మడతపెట్టి పక్కన ఉంచారు. ఆస్థాన పండితుడు విస్సావధానులు పిల్లాడి చెయ్యి పట్టుకున్నాడన్నమాటేగాని, కళ్ళు మాత్రం శాలువా మీదే ఉన్నాయి.

అంతలో లవంగాల వర్తకుడు తెలేమో వచ్చాడు. ఎక్కడో సముద్రం నడిమి దీవివాడు. పదేళ్ళుగా ఈ రేవుకి ఓడ తెస్తున్నాడు గనక తెలుగు ముక్కలు వచ్చు. రాజుకి దణ్ణం పెట్టి, తెచ్చిన పంజరం మీది గుడ్డ తీశాడు.

లోపల గుడ్లగూబ!

"శివశివా!" అంటూ అవధానులు పిల్లాణ్ణి వదిలేసి వెనక్కి గెంతాడు. పళ్ళెం తిరగబడి బియ్యం చెల్లాచెదరయ్యాయి. "చదువు మొదలెట్టే వేళ దుశ్శకునాన్ని పంజరంలో పెట్టి తెచ్చాడు ప్రభూ! కావాలని చేసిన కీడిది. ఓడ లాక్కోండి, వీణ్ణి ఉప్పుమళ్ళలోకి తోలండి!"

తెలేమో చేతులు జోడించాడు. "కీడు కాదు రాజుగారూ! మా దీవిలో బిడ్డని బడికి పంపే రోజు ఈ పక్షిని ఇంటికి తెస్తాం. రాత్రంతా కళ్ళు మూయదు కదా, చదువుకుంటుందని."

"గూబకి చదువా!" అని అవధానులు పళ్ళు నూరాడు.

రాజు పక్కన కూర్చుని తాంబూలం చుడుతున్న అడపకత్తె మాచమ్మ కిసుక్కున నవ్వింది.

"ఎందుకే నవ్వు?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ. ఓడ ఎక్కేటప్పుడు సరస్వతిగా ఉన్న పక్షి, దిగేసరికి శనిగ్రహం అయిపోయింది. దారిలో అదేం పాపం చేసిందా అని."

రాజు కనుబొమలు ముడిచాడు. అదిగో, అప్పుడు పుట్టింది ప్రశ్న.

"దేశానికో నమ్మకమా? అయితే అన్ని దేశాలవాళ్ళూ నమ్మేది ఒక్కటైనా ఉందా, లేదా? మాచీ, నేనీ తాంబూలం నమిలి ఉమ్మేలోగా చెప్పు. చెప్పావా, ఇతన్ని వదిలేస్తాను. లేదా, ఇతనితోపాటు నువ్వూ ఉప్పుమళ్ళకే."

"వక్కలు కత్తిరించేదానికి లోకం సంగతి అడుగుతారా ప్రభూ!" అవధానులు మూతి తిప్పాడు. "నమ్మకాలంటే మనవి. మిగతావాళ్ళవి రోగాలు."

రాజు తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు. మాచమ్మ కంగారు పడలేదు. తమలపాకుల పళ్ళెం పట్టుకుని తీరుబడిగా స్తంభం దాకా నడిచింది. రాజు దవడ సగం పని ముగించింది. తెలేమో పంజరాన్ని వాటేసుకున్నాడు.

స్తంభం చాటున ఆగి, అందరికీ వినబడేలా అంది:

"ఈ పరదేశి మనసులో కల్మషం లేదు. పక్షిని ప్రేమతోనే తెచ్చాడు."

టిక్ టిక్ టిక్!

కొలువు కొలువంతా చేతికందినచోటల్లా వేలితో తట్టింది. "సత్యం, సత్యం!" అందరికన్నా పెద్ద గొంతు అవధానులుదే.

తెలేమో బిత్తరపోయాడు. "ఏమైంది? అందరూ ఎందుకు కొడుతున్నారు?"

"బల్లి పలికింది నాయనా," అంది మాచమ్మ. "మాటన్నాక బల్లి పలికితే ఆ మాట నిజమని."

తెలేమో భయం కూడా మరిచి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బల్లి సాక్ష్యమా! పురుగులు తినే బల్లి! మీకు పిచ్చి!"

"మాకా పిచ్చి?" అవధానులు పిలక ఊగిపోయింది. "గూబకి చదువొచ్చనే నీకు పిచ్చి!"

"మీకే!"

"నీకేరా!"

మాచమ్మ రాజువైపు తిరిగి చేతులు జోడించింది. "ప్రభూ, ఉమ్మకండి. జవాబు వాళ్ళిద్దరూ చెప్పేశారు."

"ఏమని?"

"పక్కదేశం వాడి నమ్మకం ఒట్టి పిచ్చి! లోకమంతా నమ్మేది ఇదొక్కటే ప్రభూ."

రాజు ఉమ్మలేదు, తాంబూలమే నోట్లోంచి ఎగిరి పడింది. అంత నవ్వొచ్చింది. "తెలేమో, నీ ఓడ నీదే. పక్షి మాది. మావాడు రాత్రుళ్ళు నిద్రపోకుండా చదివితే అంతకన్నానా!" అని లేచి, పట్టుశాలువా తీసి మాచమ్మ భుజాన కప్పాడు.

అవధానులు పలక పట్టుకుని అడ్డం వచ్చాడు. "అన్యాయం ప్రభూ! స్తంభం మీద నేను చూశాను. బల్లి లేదు, గిల్లి లేదు. ఉంటే చూపించమనండి!"

మాచమ్మ శాలువా సర్దుకుంటూ ఆయన ఎదురుగా నిలబడింది.

"ఈ శాలువా నాకే తగును అవధానులుగారూ," అంది.

అని, అందరూ చూస్తుండగానే నాలుక అంగిట్లో ఆనించి ఆడించింది.

టిక్ టిక్ టిక్!

పాపం, అలవాటైన వేలు ఆగుతుందా? అవధానులు పలక మీద తట్టనే తట్టాడు.

"సత్యం, సత్యం!"