గోడకు వేలాడే టైరు

"అక్కా, నాకీ భయం ఎప్పుడు పోతుంది?" అని రెడ్డిరాణి మాబున్నీని అడిగింది. పోటీకి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పడం మాబున్నీకి అలవాటు లేదు. పిల్లగుండ్ల కొండ కింద రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా బళ్ళు విప్పి బిగిస్తున్న మనిషి. కొండ ఎక్కే మోటారుసైకిల్ పోటీకి ఏ గేరు, ఏ టైరు అని ఎవరడిగినా ముందుగా వెనక చక్రం ఊడదీసి, టైరు అంచు మీద బొటనవేలు నడిపిస్తుంది. మలుపులో బండిని బాగా వాల్చేవాళ్ళ టైరు అంచుదాకా అరుగుతుంది. భయపడేవాళ్ళది నడుమ మాత్రమే అరిగి, అంచులు అంగట్లో కొన్ననాటిలాగే ఉంటాయి. వాల్చేవాళ్ళు మలుపులోనూ వేగం వదలరు కనక వాళ్ళకు వెనక చైను తిప్పే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్, తక్కువ పళ్ళది సరిపోతుంది, వేడెక్కాక పట్టుకునే గట్టి రబ్బరు టైరు సరిపోతుంది. భయపడేవాళ్ళు మలుపు మలుపుకూ వేగం చంపుకుంటారు. వాళ్ళను పైకి లాగడానికి ఎక్కువ పళ్ళు కావాలి, చల్లగా ఉన్నా అతుక్కునే మెత్తటి రబ్బరు కావాలి. ఇద్దరూ కొండ ఎక్కుతారు. మాబున్నీకి ఇద్దరూ ఒకటే.

షెడ్డు ముందు కూర్చునే మగవాళ్ళకు మాత్రం కాదు. ఆడది వస్తే మొహం వదిలేసి టైరు అంచు చూస్తున్నారంటే వాళ్ళు కొంత మారారనే అనుకోవాలి. రెండు రోజుల కిందట చలపతి అనేవాడు రాణి బండి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అంచులు పెండ్లి పట్టుచీర మాదిరి ఎంత భద్రంగా పెట్టుకున్నావమ్మా! మడత గూడా ఇప్పలేదే!"

అందరూ నవ్వారు. ఊళ్ళో ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పుతూ, భయపడొద్దని రోజుకు పదిసార్లు చెప్పే రాణి ఆ పూట బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంటికి పోయి తలుపేసుకుని, వడ్రంగులు చెక్క నునుపు చేసే ఉప్పుకాగితంతో రెండు అంచులూ చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దింది. ఆ టైరుతోనే వచ్చి ఇప్పుడు భయం సంగతి అడుగుతోంది.

మాబున్నీ బొటనవేలు అంచు మీద నడిచింది. ఒకచోట ఆగింది. ఆమె తలెత్తి గోడకేసి చూసింది. అక్కడ మేకుకు ఒక పాత టైరు వేలాడుతోంది. పోయినేడు ఏడో మలుపులో లోయలో పడి చచ్చిపోయిన మునిరత్నం టైరు. అతని బండికి గేరు కట్టింది మాబున్నీయే. దాని అంచులు చివరిదాకా అరిగి ఉంటాయి. మొగోడి టైరంటే అదీ అని వచ్చినవాళ్ళంతా చూపించుకుంటారు. ఆ మాటకు మాబున్నీ ఎప్పుడూ ఊఁ కొట్టలేదు. టైరును గోడ మీంచి దించనూ లేదు.

"బాగా వాలుస్తాండావే" అంది రాణితో. తక్కువ పళ్ళ స్ప్రాకెట్ తీసి బిగించింది. గట్టి రబ్బరు టైరు ఎక్కించింది. "రేపు పొద్దున్నే ఎక్కు. ఏడో మలుపు కాడ నేనుంటా."

నిజం రాణి నాలుక మీదికి వచ్చింది. బయట చలపతి దగ్గు వినపడింది. "సరే అక్కా" అంది.

పొద్దున కొండ మీద మంచు పట్టి ఉంది. రెండో మలుపులోనే వెనక చక్రం సబ్బుబిళ్ళ తొక్కినట్టు జారింది. రాణి వేగం తగ్గించింది. వేగం తగ్గినకొద్దీ టైరు వేడెక్కలేదు, వేడెక్కనికొద్దీ ఇంకా జారింది. ఏడో మలుపులో బండిని వాల్చడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు. ఇంజను రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

బండి వెనక్కి దొర్లసాగింది. రాణి ముందు బ్రేకు పట్టింది. చక్రం బిగుసుకుపోయి కూడా జారుతూనే ఉంది. వెనకాల, పోయినేడు విరిగిన పిట్టగోడను ఎవరూ కట్టలేదని ఆమెకు తెలుసు. ఆ క్షణంలో రాణికి దేవుడు గుర్తురాలేదు. బీరువా వెనక దాచిన ఉప్పుకాగితం ముక్క గుర్తొచ్చింది. నేను పోయాక అది ఎవరి కంటపడుతుందో అనుకుంది.

వెనక చక్రం దేనికో మెత్తగా తగిలి ఆగింది. గోడ విరిగినచోట లారీ టైర్లు రెండు వరసలుగా, మనిషెత్తున పేర్చి, తాళ్ళతో బిగించి ఉన్నాయి. నిన్న సాయంత్రం దాకా అవి అక్కడ లేవు. పక్కన రాతి మీంచి మాబున్నీ లేచి వచ్చి తాళంచెవి తిప్పింది.

"దెబ్బేమన్నా తగిలిందా?"

రాణి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ బండిని నడిపించుకుంటూ కిందికి దిగారు.

షెడ్డులో మాబున్నీ గోడ మీది టైరు దించి, రాణి బొటనవేలు పట్టుకుని దాని అంచు మీద పెట్టింది. రోడ్డు మీద అరిగిన రబ్బరు అలలు అలలుగా, మెరకలుగా ఉంటుంది. ఇది అట్లా లేదు. సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. రాణికి ఆ గీతలు కొత్త కాదు. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"మునిరత్నమన్న గూడానా?"

"ఆ పొద్దు నా వేలికి తెలీలే, నీ టైరు మీద తెల్సినట్ల. ఉప్పుకాగితానికి గేరు కట్టి, మనిషిని ఎక్కించి పంపినా."

బయట చలపతి వచ్చి కూర్చున్నాడు. మరో ఇద్దరున్నారు. తలుపు తెరిచే ఉంది. రాణి ఆ వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించలేదు.

"అక్కా, ఏడో మలుపంటే నాకు చచ్చేంత భయం."

మాబున్నీ గోడకు వరసగా తగిలించిన స్ప్రాకెట్ల వైపు చెయ్యి చాపింది.

"ఆఁ, అట్ల చెప్పు. ఎన్ని పళ్ళ భయం?"