కాటయ్య సెలవు

ఎర్రిస్వామి దొడ్డికి మూడు వైపులా ముళ్లకంప, ఒక వైపు రాతి గోడ. అందులో గౌరక్క అనే గేదె, దాని దూడ, ఒక మేక, ముద్దమ్మ అనే ముసలి కోడిపెట్ట, ముద్దమ్మ వెనక తిరిగే కోళ్ల సంసారం కాపురముండేవి. వీళ్లందరికీ కాపలా కాటయ్య అనే కుక్క. పేరులో కాటుంది గానీ ఎవర్నీ కరిచి ఎరగడు. మొరుగుడుతోనే పని జరిగిపోయేది.

ఆ ఏడు వేరుశనగ పీకే రోజుల్లో కాటయ్యకు ఉన్నట్టుండి మొరగబుద్ధి కాకుండా పోయింది. జబ్బేమీ లేదు. గొంతు బాగానే ఉంది. నీళ్లపొయ్యి పక్కన బూడిదలో పడుకుని, కాకులు వచ్చి కళ్లెదుటే ఆరబోసిన కాయలు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఉండేవాడు.

"ఏం నాయనా, లేవవా?" అని అడిగింది గౌరక్క.

"లేచి ఏం చెయ్యాలక్కా? మొరుగుతాను. కాకి ఎగిరిపోతుంది. నేను పడుకుంటాను. అది మళ్లీ వస్తుంది. ఇన్నేళ్లుగా ఇదే. ఒక్క కాకి అయినా బుద్ధి తెచ్చుకుందా?"

"కాకికి బుద్ధి చెప్పమని నిన్నెవరు పెట్టారు? కాయలు చూసుకోమన్నారు గానీ."

రెక్కలొచ్చిన ఒక కోడిపిల్ల కాటయ్య వీపు మీదుగా నడిచి అవతలికి పోయింది. ఆ దొడ్డిలో కోళ్లన్నీ అలాగే పోయేవి. "చూశావా, నన్ను అరుగనుకుంటున్నారు" అన్నాడు.

ఈ మాటలన్నీ కంప అవతలి నుంచి ఓబులన్న విన్నాడు. ఓబులన్న గుట్ట మీద ఉండే నక్క. ఎవరికి ఎక్కడ నొప్పో కనిపెట్టి అక్కడే నిమరగల నేర్పరి. మర్నాడు తెల్లవారుతూనే, ఎర్రిస్వామి, అతని భార్య సుంకులమ్మ బండి కట్టుకుని చేనికి పోయాక, కంప సందులోంచి మూతి పెట్టాడు.

"కాటయ్యా, నీ ముఖం చూస్తే నాకే కడుపు తరుక్కుపోతోంది. ఎంత చిక్కిపోయావు తమ్ముడూ."

"చిక్కలేదన్నా. విసుగొచ్చింది."

"అదే అంటున్నాను. విసుగొచ్చినవాడు నాలుగు రోజులు చోటు మారాలి. గుట్ట మీద నా గుహ ఖాళీగా ఉంది. పిలిచేవాళ్లు లేరు, పని చెప్పేవాళ్లు లేరు. వెళ్లి పడుకో. ఇక్కడ నీ బదులు నేను చూసుకుంటాను."

"నీకేం వస్తుంది?"

"ఏమీ వద్దు. కోళ్ల మధ్య తిరుగుతుంటే నాకు మనసు ప్రశాంతంగా ఉంటుంది."

అనుమానించాలన్నా కాస్త ఓపిక కావాలి. కాటయ్యకు ఆ ఓపిక కూడా లేదు. "సరే, దూడ కట్టు తెంపుకుంటుంది, చూసుకో" అని చెప్పి గుట్ట ఎక్కాడు.

గుహ ఓబులన్న చెప్పినట్టే ఉంది. పిలిచేవాళ్లు లేరు. కాటయ్య ఒక పక్కకు పడుకున్నాడు, రాయి గుచ్చుకుంది. ఇంకో పక్కకు తిరిగాడు, అటు కూడా రాయే. నేలంతా చల్లగా ఉంది. బూడిదలో ఒళ్లు దాచుకుని పడుకున్నవాడికి వెచ్చదనమనేది ఒకటుందని ఎన్నడూ తోచలేదు, ఇప్పుడు తోచింది. ఎలాగో కునుకు పట్టి, వీపు మీద ఎవరూ నడవకపోయేసరికి మెలకువ వచ్చేసింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. చేనికి పోని రోజుల్లో ఆ వేళకు సుంకులమ్మ అడుగంటిన సంగటి గోకి రాతి తొట్లో వేసి, "తిను, పనిదొంగా" అని వెళ్తుంది. ఆ తిట్టు లేకుండా తిండి ఎలా ఉంటుందో కాటయ్య ఆలోచించి చూశాడు. ఇక్కడ తిట్టూ లేదు, తిండీ లేదు.

అంతలో గుహ ముందు ఎండుటాకులు గలగలమన్నాయి. కాటయ్య మొరగాలనుకోలేదు, లేచి నిలబడలేదు కూడా. మొరుగు దానంతట అదే కడుపులోంచి వచ్చేసింది. గుట్టంతా మారుమోగింది. బయట నడుస్తున్న ముసలి ఉడుము ఉన్నచోటే రాయిలా అతుక్కుపోయింది.

కాసేపటికి తల తిప్పి, "బాగుంది నాయనా. ఇలాంటి మొరుగు ఈ గుట్ట మీద నేను వినలేదు" అంది.

"నిజంగానా అవ్వా?"

"నా గుండె ఇంకా దడదడలాడుతోంది."

కాటయ్యకు ఒళ్లు తేలికైనట్టనిపించింది. సరిగ్గా చూద్దామని మళ్లీ మొరిగాడు. ఈసారి ఇంకా బాగా వచ్చింది. కాకులకు బుద్ధి వస్తుందా రాదా అన్నది ఆ క్షణంలో గుర్తు కూడా రాలేదు.

"ఇంత గొంతు పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావు?" అని అడిగింది ఉడుము.

"సెలవు మీద వచ్చాను. మా దొడ్డి ఓబులన్న చూసుకుంటున్నాడు."

ఉడుము గుహలోకి తొంగి చూసింది. "దొడ్లో కోళ్లున్నాయా?" అంది.

"ఉన్నాయి."

"నీ వెనకాల మూలన ఏముందో చూశావా?"

కాటయ్య చూశాడు. మూలన ఈకలున్నాయి. తెల్లవి, నల్లవి, పొడలవి, పాతవీ కొత్తవీ కుప్పగా ఉన్నాయి. "పొద్దున చూశాను అవ్వా. పరుపుకు పోగు చేసుకున్నాడనుకున్నాను" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట బయటికి వచ్చాక, తన చెవులకే ఎలాగో వినిపించింది. వీపు మీద తిరిగే పిల్లలన్నీ ఒక్కొక్కటే కళ్లముందు కదిలాయి. కుంటిది, మెడ బోడిది, దారి తప్పి తన కడుపు కింద దూరి పడుకునేది. కాటయ్య ఉడుముకు చెప్పకుండానే గుట్ట దిగడం మొదలుపెట్టాడు. అలా పరుగెత్తి ఏళ్లయింది. ముళ్లు దిగినా ఆగలేదు.

దొడ్డి చేరేసరికి పొద్దు వాలుతోంది. గడ్డివామి చాటు నుంచి తొంగి చూశాడు. కోళ్లన్నీ పిల్లలతో సహా కొట్టం కప్పు మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. కాటయ్యకు ఊపిరి ఆడింది.

కింద ఓబులన్న నాలుక బయటపెట్టి దూడ వెనక పరుగెడుతున్నాడు.

"ఓబులన్నా, దూడ తర్వాత. అటు కాయల మీద కాకి వాలింది" అంది పైనుంచి ముద్దమ్మ.

నక్క కాకి మీదికి ఉరికాడు.

"మేక చిక్కుడుపాదు మీద పడింది చూడన్నా. కాటయ్య అయితే ఈపాటికి తోలేసేవాడు."

"అమ్మా, పొద్దున్నుంచీ తోలుతూనే ఉన్నాను. మీరెప్పుడు దిగుతారు?"

"పొద్దున్నే చెప్పాం గదన్నా. నిన్ను చూడగానే ఎగిరి ఇక్కడ కూర్చున్నాం, ఆ తప్పు మాదే. కాటయ్య బదులు వచ్చానన్నావు. నిజంగా బదులొచ్చినవాడైతే పని చేస్తాడు గదా. పొద్దుగూకేదాకా పని చూసి, నమ్మకం కుదిరితే మేమే దిగి గూట్లోకి వస్తాం."

ఓబులన్న మేకను తోలబోతే అది కొమ్ము విసిరింది. పక్కకు తప్పుకుంటే గౌరక్క తోక ముఖాన తగిలింది. నక్క నేల మీద చతికిలబడ్డాడు. అప్పుడు కాటయ్య గడ్డివామి చాటు నుంచి బయటికి వచ్చాడు.

"అప్పుడే వచ్చేశావేం తమ్ముడూ?" అన్నాడు ఓబులన్న, లేవకుండానే.

కాటయ్యకు మీద పడి పీక పట్టుకోవాలనిపించింది. కానీ దూరంగా బండి చక్రాల చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"ఉండడానికి రాలేదన్నా. ముఖ్యమైన పని ఒకటి చెప్పడం మరిచాను. బండి వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి తోక ఊపాలి. కాపలావాడు ఎదురు రాకపోతే సుంకులమ్మ కోళ్లగూడు తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకుంటుంది."

ఓబులన్న కప్పు మీదికి చూశాడు.

"అవునన్నా, ఆ తోక ఊపుడు చూసే మేం దిగేది" అంది ముద్దమ్మ.

రోజంతా చాకిరీ చేసినవాడికి చివరి నిమిషంలో అంతా వదులుకుని పోవడం కష్టం. ఓబులన్న లేచి ఒళ్లు దులుపుకున్నాడు. వాకిట్లోకి వెళ్లి నిటారుగా నిలబడి, బండి మలుపు తిరగగానే తోక ఊపడం మొదలుపెట్టాడు. బాగానే ఊపాడు.

ఎర్రిస్వామి బండి ఆపాడు. ఇంటి ముందు నిలబడి స్వాగతం చెప్పే నక్కను అతనెప్పుడూ చూడలేదు. కాసేపు అలాగే చూసి, ముల్లుగర్ర తీసుకుని దిగాడు. వెనక నుంచి కాటయ్య మొరుగు అందుకున్నాడు. ముందు కర్ర, వెనక కుక్క. ఓబులన్నకు మిగిలిన దారి ముళ్లకంప ఒక్కటే. దాని మీదుగా పోయాడు గానీ తోక మీది బొచ్చు చాలావరకు అక్కడే ఉండిపోయింది.

"ఏరా, ఇన్నాళ్లకు నోరు తెరిచావు?" అంది సుంకులమ్మ. కాటయ్య ఇంకా మొరుగుతూనే ఉన్నాడు. ఆపమంటే గాని ఆపలేదు.

ఆ తర్వాత ఉడుము గుట్ట మీద ఓబులన్నను పలకరించి, కొత్త కొలువు ఎలా ఉందని అడిగిందట. నక్క తోక నాక్కుంటూ, "ఇల్లు మంచిదే అవ్వా. పని మాత్రం ఎంత చేసినా తరగదు. ఆ కాటయ్య ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడో" అన్నాడట.

నీతి: నీ పని మీద నీకు విసుగొచ్చిందంటే సంబరపడేవాడికి నీ ఇల్లు అప్పగించి పోకు.