పురిటికి వెళ్ళిన కావ్యం

బందరులో కుంఫిణీ దొరలు జెండా పాతిన కొత్తరోజుల్లో, ఒకానొక చిన్న సంస్థానాన్ని రామభద్ర భూపతి అనే రాజావారు ఏలుతుండేవారు. రాజ్యం మరీ చిన్నది. పొద్దున్నే గుర్రమెక్కి బయలుదేరితే భోజనాల వేళకు పొరుగువారి పొలిమేర తగిలేది. బిరుదులు మాత్రం చాలా పొడుగు. వందిమాగధులు వాటిని మొదలుపెట్టి ముగించేలోగా కొలువులో సగంమంది ఓ కునుకు తీసి లేచేవారు.

ఆ రాజావారికి ఒక పిచ్చి ఉండేది. అది కావ్యాలు అంకితం పుచ్చుకునే పిచ్చి.

ఆ కాలపు కవులు కావ్యాన్ని కన్నకూతురని చెప్పుకునేవారు. దాన్ని అంకితం పుచ్చుకున్నవాడు ఆ కృతికన్యకు మొగుడన్నమాట. మన రాజావారు ఆ లెక్కన పద్దెనిమిది పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ప్రతిసారీ ఏనుగు మీద ఊరేగింపు, సన్నాయి మేళం, ఊరంతటికీ భోజనాలు. ఊరేగింపు కాగానే తాళపత్రాల కట్టను పట్టుగుడ్డలో చుట్టి, అంతఃపురంలో ఉన్న టేకు భోషాణంలో పడేసి, తాళంచెవి మొలలో దోపుకునేవారు. ఆ తరవాత దాన్ని చదివిందీ లేదు, చదివించిందీ లేదు. పైగా కవి దగ్గర మరో ప్రతి ఉండకూడదని కట్టడి. తన కావ్యం దారిన పోయేవాళ్ళ నోళ్ళలో నానితే ఇక తన గొప్పేముందని ఆయన వాదం. పుస్తకం దాచుకోవడమే గొప్పనుకునే మహానుభావులు ఇప్పుడూ ఉన్నారు లెండి, వాళ్ళ జోలి మనకెందుకు.

పంతొమ్మిదో వంతు పేరిశాస్త్రిగారిది.

శాస్త్రిగారూ, భార్య కామేశమ్మా అరవై దాటినవాళ్ళు. పిల్లలు లేరు. ఆయన పదకొండేళ్ళు కూర్చుని ‘హేమావతీ పరిణయం’ అనే కావ్యం రాశాడు. ఆయన పద్యం చదువుతుంటే కామేశమ్మ కూర తరుగుతూ వినేది. నచ్చితే తల ఊపేది. నచ్చకపోతే కత్తిపీట చప్పుడు పెంచేది. ఆ చప్పుడు వింటే చాలు, శాస్త్రిగారు ఆ ఆకు పక్కన పడేసి కొత్త ఆకు తీసుకునేవాడు. కావ్యం పూర్తయ్యేసరికి ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. మళ్ళీ రాయాలంటే చూపు లేదు. అన్నీ అప్పజెప్పాలంటే జ్ఞాపకమూ లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క కట్ట.

రాజావారి నుంచి కబురు వచ్చింది. కాదంటే ఊళ్ళో ఉండనివ్వరు. వైశాఖమాసంలో మంచి ముహూర్తం చూసి అంకితోత్సవం చేశారు. కట్టను రాజుగారి చేతిలో పెట్టబోతూ శాస్త్రిగారు ఆగాడు.

“ప్రభూ, ఒక్క మనవి. ఒక ప్రతి రాయించుకుని ఇస్తాను. నెలరోజులు గడువిప్పించండి.”

రాజావారు మీసం దువ్వారు. “ఏమయ్యా శాస్త్రీ, కన్యాదానం చేసినవాడికి పిల్ల మీద ఇంకా పెత్తనమేమిటి? నేటి నుంచి ఈమె మా ఇంటి కోడలు. మా అంతఃపురంలో ఎండకన్నెరగకుండా ఉంటుంది. ఇక లోకంలో పెళ్ళయిన పిల్లలు ఎలా ఉంటారో ఈమే అలాగే!”

కొలువంతా భళీ అన్నది. శాస్త్రిగారు శాలువా కప్పుకుని ఇంటికొచ్చి, పీట మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“కళ్ళతో చూడనూ లేను, చెవులతో విననూ లేను. పదకొండేళ్ళు పెంచి భోషాణం పాలు చేశానే!” అన్నాడు.

కామేశమ్మకూ దుఃఖం పొంగుకొచ్చింది. కాని ఆవిడ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు.

“రాజుగారు ఏమన్నారో మళ్ళీ ఓసారి చెప్పండి” అంది.

“పెళ్ళయిన పిల్లలు ఎలా ఉంటారో ఈమే అలాగే అన్నాడు.”

“పదిమందిలోనే అన్నాడా?”

“నిండుకొలువులో అన్నాడు.”

“అయితే సరే, ఆషాఢం రానీండి” అని కామేశమ్మ లేచి పొయ్యి రాజేసింది.

ఆషాఢం వచ్చింది. కామేశమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, చలిమిడి, రవికెలగుడ్డ పెట్టుకుని తిన్నగా అంతఃపురానికి వెళ్ళింది. రాజుగారి తల్లి చెల్లాయమ్మగారు ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నారు.

“వదినగారూ, అమ్మాయిని తీసుకెళదామని వచ్చాను” అంది కామేశమ్మ.

“ఏ అమ్మాయమ్మా?” అన్నారు రాజమాత.

“మా హేమావతి. మొన్న వైశాఖంలో మీ అబ్బాయికిచ్చి చేశాంగా. తొలి ఆషాఢం వచ్చింది. కొత్తకోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు. మీరా పెద్దవారు. మీకేమైనా అయితే ఆ పాపం మా పిల్ల నెత్తిన పడదూ?”

చెల్లాయమ్మగారికి ఆచారమంటే మహా పట్టింపు. గబగబా రాజావారిని పిలిపించారు. ఆయన వస్తున్న అలికిడి వినగానే కామేశమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. అత్తగారు అల్లుడి ఎదుట నిలబడకూడదు కదా!

“అమ్మా, అది తాటాకుల కట్ట!” అన్నారు రాజావారు, సంగతి విని.

“ఆ మాట కొలువులో అనాల్సింది. కోడలని నువ్వే అన్నావట. కోడలే అయితే ఆషాఢంలో నా ఇంట ఉండడానికి వీల్లేదు. తాటాకే అయితే ఏనుగెక్కించి ఊరేగినవాణ్ణి ఏమనాలో నువ్వే చెప్పు నాయనా.”

రాజావారు మొలలో తాళంచెవి తడుముకుంటూ లోపలికి వెళ్ళారు. తాళం తీసి కట్ట తెచ్చి ఇచ్చారు. రాజమాత దాని మీద కుంకుమ చల్లి కామేశమ్మ ఒళ్ళో పెట్టారు.

“భోంచేసి వెళ్ళండి వదినగారూ.”

“ఎంతమాట! మనవడు పుట్టేదాకా కూతురింట మెతుకు ముట్టకూడదు కదా” అని కామేశమ్మ కట్టను గుండెకు హత్తుకుని వచ్చేసింది.

శ్రావణం రాగానే రాజావారు భటుణ్ణి పంపించారు. “తొలి ఏడు మంగళగౌరీ నోము పుట్టింట్లోనే పట్టాలి బాబూ, అల్లుడుగారితో చెప్పు” అని భటుడికి వాయనం శనగలిచ్చి సాగనంపింది కామేశమ్మ.

భాద్రపదంలో మళ్ళీ భటుడొచ్చాడు. ఆవిడ ఈసారి చలిమిడి ముద్ద చేతిలో పెట్టి, “అమ్మాయి నీళ్ళోసుకుందని చెప్పు. తొలిచూలు పుట్టింట్లోనే కదా” అంది.

భటుడు ఆ మాట యథాతథంగా కొలువులో మనవి చేశాడు. కొలువంతా నేలచూపులు చూసింది. రాజావారు సింహాసనం దిగి లోపలికి పోయారు. రాజమాత మాత్రం ఆ పూటే వేవిళ్ళ కోడలికి పుల్లమామిడి ఒరుగులు పంపించారు. వాటితో శాస్త్రిగారింట్లో పప్పు వండుకున్నారు.

అసలు సంగతేమిటంటే, శాస్త్రిగారి అరుగు మీద ఆషాఢం మొదలుకొని ఐదు గంటాలు ఆడుతున్నాయి. ఊరి కరణం, బడిపంతులు, గుళ్ళో పూజారి, ఒక వైద్యుడు, పక్క ఊరి నుంచి వచ్చిన మరొకాయన. కామేశమ్మ మొగుడి పక్కన కూర్చునే అక్షరాలు నేర్చిన మనిషి. ఆవిడ కట్ట విప్పి ఒక్కో పద్యమే చదివేది, ఐదుగురూ రాసేవారు. శాస్త్రిగారు గోడకానుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా మాట జారితే తల అడ్డంగా ఊపేవాడు. తన బిడ్డ గొంతు మళ్ళీ వింటున్నానని ఆయనకు ఎంత సంతోషమో చెప్పలేం. కార్తీకం వచ్చేసరికి ఆ పద్యాలు ఊళ్ళో నీళ్ళు తోడుకునేవాళ్ళ నోట కూడా వినబడసాగాయి.

మాఘమాసంలో దంపతులిద్దరూ బయలుదేరారు. శాస్త్రిగారి చేతిలో పాత కట్ట. కామేశమ్మ చంకలో వెదురు తొట్టి, దాని మీద పాత పట్టుచీర ముక్క. కొలువుకు పక్కన తలుపు చాటున ఆవిడ నిలబడింది. రాజమాత కూడా అక్కడికే వచ్చి కూర్చున్నారు. శాస్త్రిగారు తొట్టిని అందుకుని సింహాసనం ముందు దించి గుడ్డ తీశాడు. అందులో ఐదు కొత్త తాళపత్రాల కట్టలు వరసగా పడుకుని ఉన్నాయి.

రాజావారి ముఖం జేవురించింది. “మా ఆజ్ఞ లేకుండా ప్రతులా? శాస్త్రీ, ఇది ద్రోహం!”

తలుపు చాటు నుంచి సమాధానం వచ్చింది.

“అల్లుడుగారు కోపగించకూడదు. పురిటికొచ్చిన పిల్ల ఒట్టి చేతులతో తిరిగొస్తే మీకు బాగుంటుందా? బిడ్డల పోలిక కూడా చూడండి. ఐదుగురికీ మొదటి ఆకు మీద తండ్రి పేరే ఉంది. తాతముత్తాతల పేర్లు కూడా ఉన్నాయి.”

రాజావారు ఒక కట్ట విప్పారు. నిజమే, తన వంశస్తుతి చక్కని అక్షరాల్లో ఉంది. బిరుదులు కూడా ఒక్కటి పోలేదు. కోపం కొంచెం జారింది గాని బింకం పోలేదు.

“ఒకే కాన్పులో ఐదుగురా?”

“మా పిల్ల చలవ బాబూ. మీ భోషాణంలో మరో పద్దెనిమిది మంది ఉన్నారటగా. ఏళ్ళు గడిచినా ఒక్కరి కడుపూ పండలేదు. మొగుడు వాళ్ళ ముఖం కూడా చూడలేదంటున్నారు. మేం పిల్లనిచ్చినవాళ్ళం, పైకి అనకూడదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం లోపం కోడళ్ళది కాదంటున్నారు.”

ముందు తలుపు చాటున రాజమాత నవ్వారు. తరవాత మంత్రి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక ఆపుకోలేక రాజావారే తొడ చరిచి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

“అత్తగారూ, ఓడిపోయాను! మంత్రిగారూ, ఆ భోషాణం ఇక్కడికి తెప్పించండి.”

తెచ్చి తెరిచారు. పదిహేడు కట్టలు బాగానే ఉన్నాయి. పద్దెనిమిదోది పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. చెదలు తినేసింది. అది ఎవరి కావ్యమో, అందులో ఏముందో చెప్పగలిగినవాడు కొలువులో ఒక్కడూ లేడు. రాజావారి నవ్వు ఆగిపోయింది. ఆ పొడిని చేత్తో తడిమి చూశారు.

“మిగతా పదిహేడుమందినీ పుట్టిళ్ళకు పంపండి. పల్లకీల్లో పంపండి. పిల్లలతో గాని తిరిగి రానక్కరలేదు” అన్నారు చివరికి. మొలలోంచి తాళంచెవి తీసి శాస్త్రిగారి చేతిలో పెట్టారు. ఆ కావ్యాలన్నీ ఇక ఆయన అజమాయిషీలో ఉంటాయన్నారు. పైరు పండే మాగాణి కూడా రాసిచ్చారు. ఆ తరవాత గొంతు సవరించుకుని, “శాస్త్రీ, ఇంతకీ హేమావతి కథ ఏమిటయ్యా? భోజనమయ్యాక చదివించు, వింటాను” అన్నారు.

రాజమాత లేచి కామేశమ్మ దగ్గరకు వచ్చారు. “ఏం వదినగారూ, ఈ పూటైనా భోంచేస్తారా?”

కామేశమ్మ పమిటతో కళ్ళు తుడుచుకుంది.

“మనవలు పుట్టారుగా వదినగారూ, వడ్డించండి” అంది.