పీలిక పొడవు

జకరయ్య మాస్టారు వాదించరు. వాదనలో గెలిచినవాడు అక్కడితో నేర్చుకోవడం మానేస్తాడని ఆయన భయం.

కాకినాడలో ఆయన దగ్గర మేం నలుగురం ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ తయారుచేస్తున్నాం. డబ్బులేని సంస్థలు తమ సైట్లు కట్టుకోవడానికి ఉచితంగా ఇచ్చే చట్రం అది. సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల అనగా మాలో ఒకరైన ఉదయిని అడిగింది.

"మాస్టారూ, పేజీలను కుదించి పంపే మీట మనమే వేసి ఇవ్వాలా, వాడేవాళ్ళకు వదిలెయ్యాలా?"

అడిగిందే గాని, జవాబు ఆమె దగ్గరే ఉంది. ఇల్లు విడిచి పారిపోయిన ఆడవాళ్ళకు సాయపడే సైటు ఒకటి ఆమె చూసుకుంటుంది. మా చట్రం మీదే కట్టింది. మంగతాయారు అనే ఆవిడ భర్తకు తెలియకుండా ఏజెన్సీ కొండల్లో ఎక్కడో తలదాచుకుంది. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. కుదించని పేజీ ఆవిడ ఫోన్లో తెరుచుకోదు.

"లావుపాటి పేజీ పేదల నెత్తిన పన్ను" అంది ఉదయిని.

నేను బల్ల చరిచాను. "తటస్థంగా ఉండటమంటే కడుపు నిండినవాడి పక్కన కూర్చోవడమే."

"బాగుందిరా. ఎక్కడ చదివావు?" అన్నారు మాస్టారు.

ఆయన ఒక కాగితాన్ని సన్నటి పీలికలుగా చింపి ఉదయినికి ఇచ్చారు. "ప్రతిదాని మీదా ఒకే ఊరి పేరు రాయమ్మా, నాకు చెప్పకుండా. పక్కన నేను చెప్పే ఊరు రాయి. కుదించడమంటే తెలుసుగా, ముందొచ్చిన మాటే మళ్ళీ వస్తే చిన్న గీత చాలు. రాసినంత మేర చింపి బోర్లా పెట్టు. నేను చదవను."

"సామర్లకోట" అన్నారు. పీలిక జానెడు వచ్చింది. "రాజవొమ్మంగి." అదీ జానెడే. "మారేడుమిల్లి." మూడోది అందులో సగం.

ఆయన ఏ పీలికనూ తిప్పలేదు. "మారేడుమిల్లా?"

ఉదయిని గబుక్కున పీలికల మీద చెయ్యి వేసింది. ఏదో ఒక ఊరు రాయమంటే ఆమె చెయ్యి బుర్రలో తిరుగుతున్న ఊరే రాసేసింది. మంగతాయారు ఉన్నది అక్కడే.

తాళం వేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి పంపిన పేజీని దారిలో కాపు కాసినవాడు, భర్తే అయినా, చదవలేడు. కానీ ఆ పేజీ కుదించి పంపిందైతే, తన ఊహ ఒకటి అందులో చొప్పించి, పొడవు తగ్గిందేమో చూసుకుంటే చాలు, దాచిన మాట తెలిసిపోతుంది.

"అయితే కుదింపు తీసేద్దాం" అన్నాను.

"తీసేస్తే ఆవిడకి పేజీ తెరుచుకోదు" అంది ఉదయిని.

"మరి ఉంచుదామా?"

నాకు తెలిసిన నినాదాలన్నీ వెతికాను. రెండు వైపులా సరిపోయేవే దొరికాయి.

"వాడేవాళ్ళకే వదిలేద్దాం. ఎంచుకునే స్వేచ్ఛ వాళ్ళది" అన్నాను చివరికి.

"మనం ఇచ్చిన మీట ఇంతవరకు ఎవరైనా తిప్పారట్రా?" అన్నారు మాస్టారు.

ఎవరూ తిప్పలేదు. ఎలా ఇస్తే అలాగే వాడుకుంటున్నారు.

ఉదయిని విడుదల ఆపేసింది. "ఎటు పెట్టమంటారు మాస్టారూ?"

ఆయన పీలికలు పోగుచేసి ఆమె చేతిలో పెట్టారు. "ఎటు పెట్టినా, ఎవరూ ముట్టని మీట మీద ఉండేది మన చెయ్యేనమ్మా. ముందు వీటిని కాల్చెయ్."