పెట్టె మీద కూర్చున్న దొర

రోము చక్రవర్తి ఏలుబడిలో, సముద్రపొడ్డున ఒక చిన్న పట్నం ఉండేది. అక్కడి కంచు నాణెం మీద ఒకవైపు చక్రవర్తి ముఖం, మరోవైపు ఊరి దేవత. ఆ పట్నానికి అధికారి ఫుస్కస్. ఆయనకు రాజభక్తి కాస్త ముదిరింది. నాణెం మీది ముఖాన్ని అవమానిస్తే చక్రవర్తిని అవమానించినట్టేనని, అలాంటివాళ్ల తల తీయిస్తానని చాటింపు వేయించాడు.

మర్నాడే మిర్తో అనే చేపలమ్మే ఆవిడ దొరికిపోయింది. బేరం కుదిరి చేతికొచ్చిన నాణేన్ని అలవాటు కొద్దీ చేపల గంపలో పడేసింది. భటులు ఈడ్చుకొచ్చారు.

ఫుస్కస్ ఎవరినీ నమ్మడు. తీర్పులు చెప్పేటప్పుడు కూడా పన్నుల సొమ్ము దాచిన పెట్టె మీదే కూర్చుంటాడు.

"చక్రవర్తి ముఖాన్ని చేపల కంపులో ముంచుతావా?" అని గర్జించాడు.

"తప్పే దొరా, నా తల తీయించాల్సిందే. నేను ఒక్క ముఖాన్ని చేపల మధ్య పడేశాను. మరి తమరి కింద, ఆ పెట్టెనిండా ఉన్నవి ఎవరి ముఖాలు?" అంది మిర్తో.

ఫుస్కస్ నిప్పు తొక్కిన కోతిలా ఎగిరి లేచాడు. లేచాక మళ్లీ కూర్చోలేడు, పెట్టెను వదిలి పోనూ లేడు. మధ్యాహ్నమయ్యేసరికి రాజభక్తి పిక్కల్లోకి దిగింది.

"చక్రవర్తి రోములో ఉన్నాడు. ఇది ఉత్త కంచు. పో!" అని తీర్పు చెప్పి, హమ్మయ్య అంటూ పెట్టె మీద కూలబడ్డాడు.