అలుగు ఇంటి బండల నేల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు గట్టున ఒక బొరియ. ఆ బొరియలో ఒక అలుగు కాపురం ఉండేది.

అలుగును ఎప్పుడైనా చూశారా పిల్లలూ? ఒళ్ళంతా గట్టి పొలుసులుంటాయి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. తన ఒంటిలో సగం పొడుగు నాలుక చాపి చీమల్నీ చెదల్నీ లాగించేస్తుంది. మన కథలో అలుగు పేరు ముడుచయ్య. అతని పెళ్ళాం పేరు పొలుసమ్మ. వాళ్ళకు ఈమధ్యే ఒక పాప పుట్టింది. పాపకు ఇంకా పొలుసులు గట్టిపడలేదు. ముట్టుకుంటే లేత తాటిముంజలా ఉండేది.

వాళ్ళ ఇంట్లో నేల మట్టి నేల. ఏటా వానలకు ముందు పొలుసమ్మ పుట్టమన్ను తెచ్చేది. అందులో అడవిదున్న పేడ కలిపి, నేలంతా చేత్తో అలికేది. ఆమెకు ముందు ఆమె అత్త అలికింది. అత్తకు ముందు అత్తగారి అత్త అలికింది. పూత మీద పూత పడి, ఆ నేల వాగు కన్నా ఎత్తుగా లేచింది. వాగు ఎంత పొంగినా నీళ్ళు గడప దాకా వచ్చేవి, వెనక్కి పోయేవి. లోపలికి మాత్రం ఎన్నడూ రాలేదు.

ఈ సంగతి ముడుచయ్యకు తెలియదా అంటే తెలుసు. కానీ రోజూ తొక్కే నేలను ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఏడు పొలుసమ్మకు నడుం పట్టేసింది. పైగా చంటిపిల్ల తల్లి.

"ఏమయ్యా, ఈసారికి నువ్వు అలుకు" అంది.

"నేనా? అలకడమా? ఎవరైనా చూస్తే నవ్విపోతారు!" అన్నాడు ముడుచయ్య.

అంతే! పొలుసమ్మకు ఒళ్ళు మండింది. మూలకు పోయి బంతిలా చుట్టుకుంది. అలుగు అలిగింది. మరి అలుగు అలిగితే ఇల్లు అలికేదెవరు? ఏదీ, ఈ మాట నాలుక మడతపడకుండా మూడుసార్లు అనండి చూద్దాం!

ముడుచయ్య బంతి చుట్టూ తిరిగి బతిమాలాడు. బంతి కదల్లేదు. చివరికి, "సరే, సంతకు పోయి పని చేసిపెట్టే యంత్రాన్నే తెస్తాను. అలక మానవే!" అన్నాడు. బంతిలోంచి ఒక కన్ను మాత్రం బయటికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

సంతలో పెద్ద బండ మీద గోరింక దుకాణం పెట్టింది. అది పట్నంలో ఇళ్ళ చూర్లలో పెరిగిన పిట్ట. పట్నం మాటలన్నీ దానికి నోటికొచ్చు. దాని ముందు గుండ్రంగా, పళ్ళేల్లాగా మూడు రోబోలున్నాయి. చుట్టూ జంతువులన్నీ మూగి ఉన్నాయి.

"రండి రండి! నడుం వంచక్కర్లేదు, చీపురు పట్టక్కర్లేదు!" అని గోరింక మొదలుపెట్టింది. "ఇదిగో ఈ చిన్నది. దీనికి నీళ్ళు తెలియవు. పైపై దుమ్ము మెల్లగా ఎత్తుకుంటుంది. నేలను నొప్పించదు. మట్టి నేలకు ఇదే సరి. ఈ నడిపిది తడిగుడ్డతో తుడుస్తుంది. చెట్టు తొర్రల్లో ఉండేవాళ్ళ చెక్క నేలకు బాగుంటుంది. ఇక ఈ పెద్దది చూడండి. ఇది బండల నేలకు!"

గోరింక బండ మీద కాస్త బురద చిమ్మి, పెద్ద రోబోను తట్టింది. దాని నుదుట పచ్చ దీపం వెలిగింది. ఝుమ్మంటూ కదిలింది. ఊడ్చింది. నీళ్ళు చల్లింది. రుద్దింది. తుడిచింది. బండ అంచు దాకా పోయి, పడిపోతుందేమో అని అందరూ కళ్ళు మూసుకునేసరికి, తనంతట తనే వెనక్కి తిరిగింది. దారిలో ఒక తాబేలు నిద్రపోతుంటే దాని చుట్టూ తిరిగి పోయింది. తాబేలుకు మెలకువే రాలేదు. పని అయ్యాక ఎండలోకి పోయి, కాస్త వెలుగు తాగి, మళ్ళీ వచ్చి తన చోట్లో కూర్చుంది.

ముడుచయ్య ముందుకు వంగి చూశాడు. ఆ బండలో అతని మొహం అతనికే కనిపించింది! ఆశ్చర్యంతో నోరు తెరిస్తే, పొడుగాటి నాలుక జారి నేల మీద పడింది. దాన్ని లోపలికి లాక్కోవడం కూడా మరిచిపోయాడు. ఇంత అద్భుతం ఈ అడవిలో పుట్టి పెరిగినవాడెవడూ చూసి ఉండడు.

"ఇది... ఇది అలుకుతుందా?" అని అడిగాడు నెమ్మదిగా.

కొమ్మ మీది కోతి కిచకిచ నవ్వింది. "అలకడమా? ఈ రోజుల్లో ఇంకా అలుక్కునేవాళ్ళు ఉన్నారా!"

ముడుచయ్య ఒళ్ళు ముడుచుకుపోయింది. అప్పుడే గోరింక అడిగింది, "ఇంతకీ మీ ఇంట్లో ఏం నేలయ్యా? నిజం చెప్పు. నువ్వు ఏం చెబితే ఇది అదే నమ్ముతుంది."

వెనకాల ఎలుగు నిలబడి ఉంది. అది కొండగుహలో కాపురముంటుంది. "మాది బండల నేల. మరి మీది?" అని అదీ అడిగింది.

చిన్న రోబో అతని కాళ్ళ దగ్గరే ఉంది. మట్టి నేల అని ఒక్క మాట అంటే చాలు, పని అయిపోయేది. కానీ కోతి ఇంకా నవ్వుతూనే ఉంది. ముడుచయ్య తల ఎగరేశాడు.

"మాదీ బండలే!" అన్నాడు.

గోరింక పెద్ద రోబో దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "విన్నావా? బండల నేల! బండ కనబడేదాకా ఊడ్చు. బండ మెరిసేదాకా తుడువు!"

"సరే" అంది రోబో.

అలాంటిది ఇంకొకటి లేకపోవడంతో, పాపం ఎలుగు మొహం వేలాడేసుకుని చిన్న రోబోను చంకన పెట్టుకుపోయింది.

ఇంటికి రాగానే పెద్ద రోబో పనిలో దిగింది. దుమ్మంతా ఎత్తి బయట పోసింది. పాపను పడుకోబెట్టిన ఆకుల పక్క దగ్గరికి వచ్చి, ఒక్క ఆకు కూడా కదలకుండా చుట్టూ తిరిగి పోయింది. పాప కిలకిల నవ్వింది. మూలన బంతి విచ్చుకుంది.

"అబ్బ! ఎంత పదిలంగా తిరుగుతోందయ్యా!" అంది పొలుసమ్మ. అలక ఎటు పోయిందో పోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, దేవుడి ఊరేగింపు చూసినట్టు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు రోబో మళ్ళీ లేచింది. నీళ్ళు చల్లింది. రుద్దింది. పోయినేటి పూత మెత్తబడి లేచిపోయింది. దాన్నీ బయట పోసింది.

"నిన్ననే శుభ్రమైందిగా? ఇంకా ఆగదేం?" అంది పొలుసమ్మ.

"పట్నం వస్తువే! దానికి తెలియదా, మనకు తెలుసా?" అన్నాడు ముడుచయ్య. సంతలో తను చెప్పిన బండల మాట గుర్తొచ్చింది. కానీ మింగేశాడు.

ఆ మర్నాడు ముడుచయ్య చీమల కోసం పుట్టల మీదికి పోయి పొద్దెక్కాక తిరిగొచ్చి, గడప దాటి అడుగు వేశాడు. కాలికి నేల తగల్లేదు! దబ్బున లోపల పడ్డాడు.

"ఇదేమిటే! గడప ఇంత ఎత్తు పెరిగింది?"

"గడప పెరగలేదయ్యా. నేల దిగిపోయింది!" అంది పొలుసమ్మ. రోబో వైపు చెయ్యి చూపించింది. "ఆగమంటే ఆగదు. నా మాట వినదు."

బయట మన్ను గుట్టలా పడి ఉంది. లోపల రోబో బురదలో ఝుమ్మంటూ తిరుగుతూనే ఉంది.

"ఇక ఆపు! ఎందుకు తవ్వుతున్నావు?" అని అరిచాడు ముడుచయ్య.

పచ్చ దీపం అతని వైపు తిరిగింది. "తవ్వడం లేదు. ఊడుస్తున్నాను. బండ ఇంకా కనబడలేదు. మీరు ఉందన్నారు. వెతుకుతున్నాను."

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నమ్మకం ఉంది. ముడుచయ్యకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

అప్పుడు చూశాడు. ఇల్లంతా దిగిపోయినా పాప పక్క ఒక్కటే అరుగులా పైన నిలబడి ఉంది. పాప జోలికి పోకూడదని రోబో ఆ చోటు వదిలేసింది. దాని చుట్టూ ఒక్కో పూత ఒక్కో మెట్టులా బయటపడింది. ఎర్ర పూత, దాని కింద నల్ల పూత, దాని కింద పసుపుపచ్చ పూత. ప్రతి మెట్టు మీదా అలికిన వేళ్ళ గీతలు, నెలవంకల్లాగా, వరసలు వరసలుగా!

పొలుసమ్మ వంగి వేలితో తడిమింది. "ఈ ఎర్రది నాది. పోయినేడు పుట్టమన్ను ఎర్రగా దొరికింది. ఇది అత్తమ్మది. చూడు, నడిమి గోరు గీత లేదు."

ముడుచయ్య అమ్మకు నడిమి గోరు విరిగిపోయి ఉండేది. అతను ఆ గీతల మీద చెయ్యి పెట్టాడు. దాని కింద ఇంకో చెయ్యి. దాని కింద ఇంకొకటి. పేరు కూడా తెలియని ముత్తవ్వల చేతులు, కిందికి, ఇంకా కిందికి. ఇన్నాళ్ళూ ఇంతమంది చేతుల మీద నడిచాడా తను! సంతలో బండను చూసి నోరు తెరిచాడే, ఈ నేలను ఒక్కనాడైనా అలా చూశాడా! కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

అంతలో ఉరిమింది. కొండ మీద వాన మొదలైంది. వాగు ఎర్రగా మారింది. ఇంటి నేల ఇప్పుడు వాగు కన్నా పల్లంలో ఉంది. నీళ్ళు ఒక్కసారి గడప దాటితే మెత్తటి పొలుసుల పాప ఏమైపోవాలి?

"పొలుసమ్మా, తప్పు నాదే. గోరింక ఏం నేల అని అడిగితే బండలన్నాను. మట్టి నేల అని చెప్పడానికి సిగ్గేసింది."

పొలుసమ్మ అతని వైపు చూసింది. బురద అంటిన తన చేతుల వైపు చూసుకుంది. "నేను అలికిన నేల చెప్పుకోవడానికి నీకు సిగ్గేసిందా?" అంది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు దాన్ని ఆపు."

ముడుచయ్య బురదలో కూలబడి రోబోతో అన్నాడు. "అయ్యా, నేను అబద్ధం చెప్పాను. మా ఇంట్లో బండ లేదు. మాది మట్టి నేల."

"మట్టి నేల" అంది రోబో. "అయితే ఇక్కడ నేను తీయాల్సిన మురికి ఎప్పుడో అయిపోయింది." టక్కున ఆగిపోయింది. చూశారా, ఒక్క నిజం చాలింది. ఆ నిజం సంతలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇద్దరూ పరుగున బయటికొచ్చి మన్ను లోపలికి ఎత్తిపోయడం మొదలుపెట్టారు. గుట్ట తరగడం లేదు. వాగు ఆగడం లేదు. అప్పుడే ఎలుగు వచ్చింది. దాని చంకలో చిన్న రోబో ఉంది.

"ముడుచయ్యా! ఇది మా గుహలో చెమ్మ బండ మీద జారి జారి పడుతోందయ్యా..." అంటూ వచ్చి, సంగతి అర్థం చేసుకుంది. చిన్న రోబోను చెట్టు తొర్రలో దాచి, రెండు చేతులా మన్ను ఎత్తి లోపల పోసింది. తన బరువంతా వేసి ధమధమా తొక్కింది. నేల మెల్లగా లేచింది. గడప అంత అయింది. గడపను దాటింది.

"ఇక అలకాలి. లేకపోతే నీళ్ళు తగలగానే మళ్ళీ కరిగిపోతుంది" అంది పొలుసమ్మ, నడుం పట్టుకుని.

ముడుచయ్య పేడ కలిపిన మన్ను చేతికి తీసుకుని మోకాళ్ళ మీద వంగాడు. ఎలుగు చూస్తూనే ఉంది. వాన పడుతుంటే కోతి కూడా వాకిట్లో చెట్టెక్కి చూస్తూనే ఉంది. చూడనీ!

"అలా కాదు. చెయ్యి విసురుగా తిప్పు. ఆఁ, అలా!" అని పొలుసమ్మ చెబుతోంది. గీతలు వంకర టింకరగా వచ్చాయి. వస్తే వచ్చాయి.

వాగు పొంగింది. గడప దాకా వచ్చింది. గడపను నాకింది. లోపలికి తొంగి చూసినట్టు ఒక్క క్షణం ఆగి, వెనక్కి పోయింది. తన పక్క మీద పాప హాయిగా నిద్రపోతోంది.

వాన వెలిశాక ఎలుగు పెద్ద రోబోను తన గుహకు తీసుకుపోయింది. అక్కడ దానికి కావలసినంత బండ దొరికింది. చిన్న రోబో అలుగు ఇంట్లో ఉండిపోయింది. పూత ఆరాక పనిలోకి దిగబోతూ గడప దగ్గర ఆగి, చిన్న గొంతుతో అడిగింది. "ఏం నేల?"

"మట్టి నేల!" అన్నాడు ముడుచయ్య. చెట్టు మీది కోతికి మాత్రమే కాదు, వాగు అవతల సంతలో గోరింకకు కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "మా అమ్మ అలికిన నేల. మా ఇంటిది అలికిన నేల. ఇప్పుడు నేనూ అలికిన నేల. మెల్లగా ఊడ్చు!"

నీతి: ఇంటికి వస్తువు తెచ్చుకునే ముందు మన ఇల్లు ఎలాంటిదో నిజం ఒప్పుకోవాలి. గొప్పకు పోయి లేని బండ ఉందంటే, కాళ్ళ కింద ఉన్న నేల కూడా పోతుంది.